మా అత్తగారి వైపు వాళ్ళు చెన్నపట్నం గవర్నర్ ఎలిహు యేల్ వంశమేనా? కలోనియల్ కాలం నాటి ఫ్యామిలీ ట్రీ ఎలా వెతకాలి

బందరు_అమ్మాయి

నమస్తే అందరికీ. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. మాది బందరు, ఇప్పుడు ఉండేది ఒహాయోలో క్లీవ్‌ల్యాండ్ దగ్గర. మా ఆయన ఇక్కడి అబ్బాయే. మా అత్తగారు రిటైరయ్యాక వంశవృక్షం మీద పడ్డారు, ఆవిడకి కంప్యూటర్ అంత అలవాటు లేదు కాబట్టి ఆ పని తిరిగి తిరిగి నా నెత్తిన పడింది, నిజం చెప్పాలంటే నాకూ సరదాగానే ఉంది.

సంగతేంటంటే మా అత్తగారి అమ్మమ్మ, ఆవిడ వాళ్ళమ్మ పుట్టింటి పేరు యేల్. ఆ ముత్తవ్వ 1870ల్లో ఇక్కడే పోర్టేజ్ కౌంటీలో పుట్టింది, 1940ల్లో పోయింది. వాళ్ళ పెద్దలు కనెటికట్ నుంచి వచ్చారని ఇంట్లో చెప్పుకుంటారు. ఒక సైట్‌లో ఆవిడ పేరు కొడితే ఎవరో కట్టిన ట్రీ దొరికింది, అది సరే అనుకుంటూ, సరే అనుకుంటూ నొక్కుకుంటూ పోతే ఒక్క సాయంత్రంలో 1600ల్లోకి వెళ్ళిపోయా. అక్కడ పైన ఎవరున్నారో తెలుసా, ఎలిహు యేల్! పుట్టింది బోస్టన్ 1649, పెళ్లి మద్రాసు 1680. యేల్ యూనివర్సిటీకి పేరు ఆయనదే కదా. ఆయన కొడుకు డేవిడ్, డేవిడ్‌కి కనెటికట్‌లో 1705లో పెళ్లి, అక్కడి నుంచి కిందికి వరసగా మా అత్తగారి దాకా.

మా అత్తగారు తెగ మురిసిపోతున్నారు, నాక్కూడా మా వైపు చెన్నపట్నం ఏలినాయన మా పిల్లల తాత అంటే ఒళ్ళు జలదరించింది. కానీ మా ఆయన మాత్రం కాగితం ఏదీ అంటున్నాడు. ఇది నిజమేనా, నిజమైతే రుజువు ఎక్కడ దొరుకుతుంది? మనకి తర్పణాలప్పుడు మూడు తరాల పేర్లు చెప్తేనే గొప్ప, వీళ్ళకి పది తరాలు నిజంగా దొరుకుతాయా?

పాతకాగితం

ముందు చెడ్డ కబురు చెప్పేస్తానండీ, ఎలిహు యేల్ మీ పిల్లల తాత కాడు, అమెరికాలో ఎవరికీ తాత కాడు. మీ ట్రీలో ఉన్న ఆ డేవిడ్ నాలుగేళ్ళ పసివాడుగా 1688లో మద్రాసులోనే పోయాడు, సమాధి ఇప్పటికీ అక్కడ ఉంది. పోయిన పిల్లాడికి 1705లో కనెటికట్‌లో పెళ్లి చేసేశారు ఎవరో మహానుభావులు. ఎలిహుకి భార్య వల్ల ఇక మిగిలింది ముగ్గురు ఆడపిల్లలు, కేథరిన్, ఆన్, ఉర్సులా. కేథరిన్‌ని నార్త్ వాళ్ళింటికి, ఆన్‌ని కావెండిష్ వాళ్ళింటికి ఇచ్చారు, అంతా ఇంగ్లండులోనే. ఆయన కూడా మూడేళ్ళ వయసులో తల్లిదండ్రులతో బోస్టన్ వదిలి వెళ్ళినవాడు మళ్ళీ అమెరికా మొహం చూడలేదు. 1718లో ఆ కాలేజీకి పంపింది కూడా తొమ్మిది బేళ్ళ సరుకు, 417 పుస్తకాలు, రాజు గారి బొమ్మ ఒకటి, ఆ సరుకు అమ్మితే 562 పౌండ్లు వచ్చాయి, ఆ మాత్రానికి ఇంత పేరు.

మంచి కబురు ఏంటంటే అమెరికాలో యేల్ ఇంటిపేరు వాళ్ళు నిజంగానే చాలా పాతవాళ్ళు, ఆ కుటుంబం ఎవరిదో బాగా తెలుసు. ఎలిహు తండ్రి డేవిడ్ తమ్ముడు థామస్ యేల్, అంటే ఎలిహుకి చిన్నాన్న, ఈయన కనెటికట్‌లోని న్యూ హేవెన్‌లో ఉండిపోయాడు. కథ వాళ్ళ తల్లి ఆన్ లాయిడ్ దగ్గర మొదలవుతుంది, చెస్టర్ బిషప్ కూతురు. మొదటి భర్త యేల్ పోయాక థియోఫిలస్ ఈటన్ అనే లండన్ వ్యాపారిని చేసుకుంది. ఆ ఈటనే 1637లో హెక్టర్ ఓడలో ఇంటిల్లిపాదినీ, సవతి పిల్లలతో సహా, బోస్టన్ తీసుకొచ్చి మరుసటేడాది న్యూ హేవెన్ స్థాపించిన వాళ్ళలో ఒకడు, చనిపోయేదాకా అక్కడ గవర్నరు. ఆ ఇల్లు మామూలు ఇల్లు కాదులెండి. గవర్నరు భార్య అయ్యుండి ఆన్‌ని పసిపిల్లలకి బాప్టిజం తప్పు అన్నందుకూ, ఇంట్లో అత్తగారిని కొట్టిందన్న నేరానికీ చర్చిలోంచి వెలేశారు. ఆవిడ కూతురు, పేరు ఆమెదీ ఆనే, కనెటికట్ గవర్నరు ఎడ్వర్డ్ హాప్‌కిన్స్ భార్య, ఆమెకి మతి చలిస్తే మసాచుసెట్స్ గవర్నరు విన్‌త్రాప్ తన డైరీలో ఆడది ఎక్కువగా చదవడం రాయడం వల్లే ఇలా అయిందని రాసుకున్నాడు.

సరే థామస్ సంగతికి వస్తా. ఈయన కెప్టెన్ నథానియల్ టర్నర్ కూతురు మేరీని చేసుకున్నాడు. ఆ టర్నర్ 1646 జనవరిలో న్యూ హేవెన్ నుంచి ఇంగ్లండు బయల్దేరిన పెద్ద ఓడ ఎక్కాడు, ఆ ఓడ మళ్ళీ ఎవరికీ కనపడలేదు. థామస్ 1683లో పోయాడు. ఆయన కొడుకు, అతనూ థామసే, 1670లో వాలింగ్‌ఫర్డ్ ఊరు కట్టిన మొదటి వాళ్ళలో ఉన్నాడు. అమెరికా యేల్స్ దాదాపు అందరూ ఈ కొమ్మల్లోంచి వచ్చినవాళ్ళే, తాళాలు చేసిన లైనస్ యేల్ కూడా. మీ ఇంటి తలుపుకి ఆ తాళమే ఉందేమో చూస్కోండి, అది మాత్రం మీ చుట్టం కావచ్చు.

బందరు_అమ్మాయి

అయ్యో!! నాలుగేళ్ళ పిల్లాడా. మా అత్తగారికి ఎలా చెప్పాలో ఏంటో. మరి అయితే ఎలిహు బదులు ఆ థామస్ పేరు పెట్టేసి కింద ఉన్నది అలాగే ఉంచొచ్చా? కనెటికట్ నుంచి వచ్చిన యేల్స్ అంతా ఆయన వంశమే అంటున్నారు కదా.

పోర్టేజ్_పంతులు

వద్దమ్మా వద్దు. అందరూ చేసే పని అదే, పైన ఒక పేరు తీసేసి ఇంకో పేరు అతికించడం. నేనూ ఈ కౌంటీలోనే పాతికేళ్ళ పైనుంచి ఉంటున్నా, మా కోడలి వాళ్ళ ట్రీ కోసం ఇక్కడి కోర్టుహౌసు మెట్లు బాగా అరగదీశా కాబట్టి చెప్తున్నా.

1640 నుంచి 1770 దాకా న్యూ హేవెన్ చుట్టుపక్కల కుటుంబాల లెక్క పెద్ద కష్టం కాదు. కనెటికట్‌లో పుట్టుకలు, పెళ్ళిళ్ళు, చావులు ఊరి క్లర్కు రాసేవాడు, అవన్నీ సుమారు 1850 దాకా కలిపి ఊళ్ళ వారీగా ఇండెక్స్ చేశారు, దాన్ని బార్బర్ కలెక్షన్ అంటారు. సమాధి రాళ్ళ మీద రాతలకి హేల్ కలెక్షన్ ఉంది, రెండూ హార్ట్‌ఫర్డ్ స్టేట్ లైబ్రరీవే. పైగా డొనాల్డ్ లైన్స్ జాకబస్ అని న్యూ హేవెన్ ఆయనే, పాత న్యూ హేవెన్ ఇళ్ళన్నీ 1920ల్లో 30ల్లో కాగితాలు చూసి మరీ కట్టి పెట్టేశాడు. యేల్ వాళ్ళకి ప్రత్యేకంగా 1908లో అచ్చైన వంశావళి కూడా ఉంది, అది దారి చూపించడానికి బావుంటుంది కానీ దాన్నే రుజువు అనుకోకు, ఎవరో ఉత్తరాల్లో రాసి పంపిన సమాచారం ఎంత నిజమో ఆ పుస్తకానికీ తెలీదు.

అసలు గొయ్యి ఎక్కడుందంటే 1785 నుంచి 1850 మధ్యలో. స్వాతంత్ర్య యుద్ధం అయిపోగానే కనెటికట్ జనం పొలాలు చాలక న్యూయార్క్ మీదుగా ఒహాయోకి వలస వచ్చేశారు, ఈ ఈశాన్య ఒహాయో అంతా అప్పట్లో కనెటికట్ వాళ్ళ వెస్ట్రన్ రిజర్వ్ కదా, క్లీవ్‌ల్యాండ్ పేరు కూడా 1796లో సర్వే చేయించిన కనెటికట్ ల్యాండ్ కంపెనీ మనిషిదే. ఆ దారిలో పుట్టుకలు రాసినవాడు లేడు. సెన్సస్ 1790 నుంచి ఉంది గానీ 1840 దాకా ఇంటి పెద్ద పేరొక్కటే రాసి మిగతావాళ్ళని వయసు గడుల్లో అంకెలుగా వేశారు. అందరి పేర్లూ వచ్చింది 1850లో, ఎవరు ఎవరికి ఏమవుతారో రాసింది 1880లో. 1890 సెన్సస్ అయితే 1921లో వాషింగ్టన్‌లో తగలబడి పోయింది. ఒహాయో కౌంటీలు పుట్టుకలు చావులు రాయడం మొదలెట్టింది 1867లో. అందుకని మీ ముత్తవ్వ తాత ఎవరో తేలాలంటే పైనుంచి దిగకూడదు, కింద నుంచి ఒక్కో మెట్టూ ఎక్కాలి.

మొదట ముత్తవ్వ డెత్ సర్టిఫికెట్. 1908 నుంచి 1953 దాకా ఒహాయో డెత్ సర్టిఫికెట్లు ఫ్యామిలీసెర్చ్ అనే వంశవృక్షాల సైట్‌లో ఫ్రీగా ఉన్నాయి, అందులో తండ్రి పేరు, తల్లి పుట్టింటి పేరు ఉంటాయి. చెప్పింది ఎవరో కూడా చూడు, కూతురు చెప్పిందా, పక్కింటివాడు చెప్పాడా అన్నదాన్ని బట్టి ఎంత నమ్మాలో తేల్చుకో. ఆ తండ్రిని 1850, 1860 సెన్సస్‌లో ఏ ఇంట్లో ఉన్నాడో పట్టుకో. 1850 కంటే వెనక్కి పోవాలంటే సెన్సస్ వదిలేసి భూమి కాగితాల్లో పడాలి. ఒహాయోలో ఇవి కౌంటీ రికార్డర్ దగ్గర ఉంటాయి, కనెటికట్‌లో మాత్రం ఊరి క్లర్కు దగ్గర, ఈ తేడా తెలీక చాలామంది తప్పు చోట వెతుకుతారు. ఎందుకు భూమి కాగితాలంటే, కనెటికట్‌లో తండ్రి పోతే ఒహాయోలో ఉన్న కొడుకు తన వాటా అక్కడి అన్నకి అమ్మేస్తూ ‘ఒహాయో రాష్ట్రం ఫలానా ఊరివాణ్ణి, కీర్తిశేషులు ఫలానా వారి వారసుణ్ణి’ అని రాసిస్తాడు. రెండు రాష్ట్రాలనీ, తండ్రీకొడుకుల్నీ ముడివేసే కాగితం అంతకన్నా గట్టిది ఇంకోటి లేదు. ఫ్యామిలీసెర్చ్‌లో ఈ చేతిరాత కాగితాల్ని ఇప్పుడు మాటలు కొట్టి వెతకొచ్చు, యేల్ అని, వాలింగ్‌ఫర్డ్ అని, ఒహాయో అని కొట్టి చూడు, మునుపు పేజీలు పేజీలు తిప్పాల్సి వచ్చేది.

ఇంకోటి, పోర్టేజ్ 1807లో ట్రంబుల్ నుంచి విడిపోయిన కౌంటీ, అంతకు ముందువి కావాలంటే ట్రంబుల్‌లో చూడాలి. కనెటికట్‌లోనూ అంతే, మెరిడెన్ 1806 దాకా వాలింగ్‌ఫర్డ్‌లో భాగం, చెషైర్ 1780 దాకా. మనవాళ్ళు ఊరు మారలేదు, ఊరే జిల్లా మారింది, తెలంగాణలో కొత్త జిల్లాలొచ్చాక మా అన్నయ్య ఇంటికి అడ్రసు మారినట్టు.

ఓరుగల్లు_పోరడు

అక్కా డీఎన్ఏ టెస్ట్ చేపిస్తే అయిపాయె గదా ఈ లొల్లి అంతా ఎందుకు అనుకుంటవేమో, గట్ల కాదు. నేను ఇదే లైన్ల పని చేస్త గాబట్టి చెప్తున్న. పది తరాలు వెనక్కి పోతే లెక్క ప్రకారం 1024 మంది తాతలు అవ్వలు ఉంటరు, ఒక్కొక్కల నుంచి వచ్చేది సగటున వెయ్యిల ఒక వంతు గూడ ఉండదు, చానమంది నుంచి అసలే రాదు. అంటే కాగితం మీద నీకు సొంత తాతే అయినా నీ రక్తంల ఆయన ముక్క సున్నా ఉండొచ్చు. ఆ మామూలు టెస్ట్ ఐదారు తరాల దాకా పనికొస్తది, గంతే.

వై డీఎన్ఏ అని ఇంకోటి ఉంటది, అది తండ్రి నుంచి కొడుకుకే పోతది. మీ అత్తమ్మ దానికి పనికిరాదు, మీ ఆయన గూడ పనికిరాడు, మధ్యల ఆడోళ్ళున్నరు గద. ఇయ్యాల యేల్ ఇంటిపేరుతోని ఉన్న మగాయన, ముత్తవ్వ అన్నదమ్ముల వైపు దొరికితే ఆయనతోని చేపియ్యాలె, వాలింగ్‌ఫర్డ్ యేల్ వంశం అని కాగితం మీద రుజువైన ఇంకొకాయనతోని పోల్చాలె. కలిస్తే వంశం అదే అని తెలుస్తది, ఏ కొమ్మ అనేది మాత్రం చెప్పదు, దానికి మళ్ళ పంతులు సార్ చెప్పిన కాగితాలే దిక్కు.

మామూలు టెస్ట్ మీ అత్తమ్మకు మాత్రం ఇప్పుడే చేపియ్యి, మీ ఆయన కన్నా ఆమె ఒక తరం దగ్గర. ముత్తవ్వ తండ్రి వైపు మూడో వరస, నాలుగో వరస కజిన్స్ పోర్టేజ్ నుంచే తేలితే మెట్లు నిలబడుడు సులువైతది.

చెన్నపట్నం_పాతబస్తీ

ఎలిహు పేరు కనపడితే ఆగలేను, సారీ. ఆ పసివాడి సమాధి హైకోర్టు పక్కన ఒకప్పటి లా కాలేజీ ఆవరణలో పెద్ద గోపురంలా ఉంటుంది, దాన్ని హిన్‌మర్స్ సమాధి అంటారు. జోసెఫ్ హిన్‌మర్స్ అని ఈస్టిండియా కంపెనీ ఆఫీసరు, 1680లో పోయాడు, అదే ఏడాది నవంబరు 4న ఆయన భార్య కేథరిన్‌ని ఎలిహు చేసుకున్నాడు, కోటలో అప్పుడే తెరిచిన సెయింట్ మేరీస్ చర్చి రిజిస్టరులో మొదటి పెళ్లి అదే. తర్వాత తమ పిల్లాడు పోతే మొదటి భర్త పక్కనే పెట్టారు. ఎలిహుకి హియరోనిమా డి పైవా అనే వజ్రాల వ్యాపారి వితంతువు వల్ల ఒక కొడుకు కూడా ఉన్నాడు, చార్లెస్, వాడూ పెళ్ళీ పిల్లలూ లేకుండానే చిన్నవయసులో దక్షిణాఫ్రికాలో పోయాడు. కాబట్టి ఆ దారీ మూసుకుంది.

చెన్నపట్నం ఏలినాయన అని మురిసిపోకండి మరీ. గోల్కొండ ఔరంగజేబు చేతిలో పడిన 1687లోనే ఈయన గవర్నరయ్యాడు, 1689లో మొఘలులు మీ బందరు ఫ్యాక్టరీని, విశాఖ ఫ్యాక్టరీని (ఫ్యాక్టరీ అంటే అప్పట్లో కంపెనీ వర్తక స్థావరం) పట్టుకున్నప్పుడు ఇక్కడ పెద్దరికం ఈయనదే, విశాఖలో కంపెనీ మనుషులు చచ్చిపోయారు. 1692లో సొంత వ్యాపారంతో సొమ్ము చేసుకున్నాడన్న ఆరోపణల మీద తీసేశారు. కరువు కాలంలో మద్రాసు రేవు నుంచి మన జనాన్ని బానిసలుగా ఓడలెక్కించిన కౌన్సిల్‌లో ఈయన ఉన్నాడు. ఇలాంటాయన చుట్టం కాకపోతే ఏమీ పోలేదు అనేది నా అభిప్రాయం.

పాతకాగితం

బానిసల మాట వచ్చింది కాబట్టి అదీ చెప్పాలి. కనెటికట్ ప్రొబేట్ ఫైళ్ళు, అంటే పోయినవాళ్ళ ఆస్తి పంపకాల కోర్టు కాగితాలు, మొదలుపెట్టాక వీలునామా ఒక్కటే చదివి ఊరుకోకండి, ఇన్వెంటరీ కూడా చూడండి, అంటే పోయినాయన ఇంట్లో ఉన్న ప్రతి వస్తువుకీ ఊరివాళ్ళు ఖరీదు కట్టిన జాబితా. పరుపులు, ఆవులు, కంచు గిన్నెల మధ్యలో మనిషి పేరు పక్కన పౌండ్లు షిల్లింగులు వేసి ఉంటుంది చాలా ఇళ్ళల్లో. న్యూ ఇంగ్లండ్ వాళ్ళు అదంతా దక్షిణాది సంగతి అనుకుంటారు గానీ కనెటికట్‌లో 1784లో అంచెలంచెలుగా వదిలే చట్టం చేసినా పూర్తిగా రద్దయింది 1848లోనే. కనపడితే ఆ పేరు, పేజీ, ఊరు రాసి బయట పెట్టండి, దాచకండి. ఆ మనుషుల వారసులకి తమ పెద్దల్ని వెతుక్కుంటూ వెనక్కి వెళ్ళడానికి మీ అత్తగారి పెద్దల ఫైలే ఒక్కోసారి దారి.

చదివేటప్పుడు ఇంకో రెండు తిప్పలు. 1752 దాకా వీళ్ళ సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది, అందుకే ఈటన్ చావు 1657/8 జనవరి అని రెండు ఏళ్ళతో రాస్తారు, మన లెక్కకి అది 1658. ప్యూరిటన్లు, అంటే అక్కడ స్థిరపడ్డ మడి ప్రొటెస్టంట్లు, నెలల పేర్లు కూడా అన్యదేవతలవని అంకెలేసేవాళ్ళు, పన్నెండో నెల అంటే ఫిబ్రవరి. మీ ట్రీలో పెళ్ళికి ముందే పిల్లాడు పుట్టినట్టు కనపడితే కంగారు పడకముందు ఇది చూసుకోండి. రెండోది, జూనియర్ అంటే కొడుకే అని లేదు, ఊళ్ళో అదే పేరున్న చిన్నవాడు ఎవరైనా జూనియరే, పెద్దాయన పోగానే జూనియర్ సీనియర్ అయిపోతాడు. వాలింగ్‌ఫర్డ్ యేల్స్‌లో థామస్‌లూ నథానియల్‌లూ ఎంతమందో, అక్కడే ఇలాంటి ట్రీలన్నీ తప్పుతాయి.

పోర్టేజ్_పంతులు

చెప్పడం మరిచా, మీ యేల్ పెద్దల్లో ఎవరైనా స్వాతంత్ర్య యుద్ధంలో పని చేసుంటే పెన్షన్ ఫైలు కోసం తప్పకుండా చూడు. 1818 చట్టం కింద పేద సైనికులకి, 1832 చట్టం కింద ఆరు నెలలు పని చేసిన ఎవరికైనా ఇచ్చారు, తర్వాత వితంతువులకీ ఇచ్చారు. అందులో ముసలాయన ఎక్కడ పుట్టాడు, యుద్ధం అయ్యాక ఏ ఊరు నుంచి ఏ ఊరు మారాడు అన్నీ కోర్టులో ప్రమాణం చేసి చెప్తాడు, సరిగ్గా మీకు కావలసిన వలస దారి అదే. వితంతువులైతే పెళ్లి రుజువుకి ఇంటి బైబిల్లో పేజీ చింపి జత చేసినవి కూడా ఉన్నాయి. నేషనల్ ఆర్కైవ్స్ కేటలాగ్‌లో ఫ్రీ. 1840 సెన్సస్‌లో పెన్షన్ తీసుకునే వాళ్ళ పేరూ వయసూ విడిగా రాశారు, అది కూడా చూడు.

కాంగ్రిగేషనల్ చర్చి, అంటే ఆ ప్యూరిటన్ల చర్చి వాళ్ళు ఊరు మారేటప్పుడు పాత చర్చి నుంచి లెటర్ పట్టుకెళ్ళాలి, రెండు చర్చిల రిజిస్టర్లలోనూ నమోదు ఉంటుంది. ఇంటి చిహ్నం కొనమని ఎవరైనా షీల్డు బొమ్మలు అమ్ముతారు, కొనొద్దు, ఇంటిపేరుకి చిహ్నం ఉండదు, మనిషికుంటుంది. గుస్తావ్ ఆంజూ అని ఒకాయన వందేళ్ళ క్రితం డబ్బున్నవాళ్ళకి దొంగ వంశాలు అల్లి అమ్మాడు, వాటి ముక్కలు ఇప్పటికీ ఆన్‌లైన్ ట్రీల్లో తిరుగుతున్నాయి.

బందరు_అమ్మాయి

అందరికీ చాలా థాంక్స్ అండీ. డెత్ సర్టిఫికెట్ దొరికింది!! పంతులు గారు చెప్పినట్టే ఫ్రీగా. చెప్పింది కూతురే, అంటే మా అత్తగారి అమ్మమ్మ. తండ్రి పేరు ఆ ట్రీలో ఉన్నదే, కానీ తల్లి పుట్టింటి పేరు వేరే ఉంది, ట్రీలో ఉన్నావిడ కాదు. 1850 సెన్సస్‌లో ఆ తండ్రి పదేళ్ళ పిల్లాడుగా పోర్టేజ్‌లోనే రేవెన్నా దగ్గర ఒక ఇంట్లో ఉన్నాడు, ఇంటి పెద్ద కూడా యేలే, పుట్టింది న్యూయార్క్ అని ఉంది, కనెటికట్ కాదు. అత్తగారికి చెన్నపట్నం సంగతి చెప్పేశా, కాసేపు మూగనోము పట్టి తర్వాత ఆ బిషప్ కూతురు అత్తగారిని కొట్టిందీ, చర్చిలోంచి వెలేసిందీ కథ మళ్ళీ చెప్పమన్నారు, ఆ అత్తాకోడళ్ళ గొడవ ఆవిడకి గవర్నరు కన్నా నచ్చినట్టుంది, నా వైపు అదోలా చూశారు కూడా.

ఒక డౌట్, 1850లో ఇంటి పెద్ద అంటే తండ్రే అనుకోవచ్చా? ఇద్దరికీ ముప్పై ఏళ్ళ తేడా.

పోర్టేజ్_పంతులు

అనుకో, కానీ రాయకు. బాబాయి కావచ్చు, అన్న కావచ్చు, 1850లో సంబంధం రాయలేదని చెప్పా కదా. ఆ ఇంటి పెద్ద ఎప్పుడు పోయాడో చూసి పోర్టేజ్ ప్రొబేట్‌లో ఫైలు తియ్యి, వారసుల జాబితాలో ఈ పిల్లాడి పేరు కొడుకు అని ఉంటే ఆ మెట్టు ఖాయం. ఆయనకి న్యూయార్క్ పుట్టుక అంటే 1810ల దాకా కుటుంబం అక్కడే ఆగిందన్నమాట, ఏ కౌంటీయో ఆయన సమాధి రాయి మీదో, తోబుట్టువుల డెత్ రికార్డుల్లోనో దొరకొచ్చు. ఆ తల్లి పేరు కూడా వదలకు, వాళ్ళ వైపు పెళ్లి కాగితం పోర్టేజ్ కోర్టులోనే ఉంటుంది, రేపు పొద్దున నాకు అటు పనుంది, పేర్లు మెసేజ్ చెయ్యి.